టీచరుగారి వసారాలో మా అమ్మ ప్రశ్నలు

పాత ఇంగ్లీషు నవల ఏది తెరిచినా నాకు చేపల వాసనే వస్తుంది. నవ్వకండి. ఇవాళ పొద్దున బీరువా దులుపుతూ ఒకటి తెరిచానో లేదో, మళ్లీ అదే వాసన. మరి నేను ఇంగ్లీషు నేర్చుకున్నది బరంపురం లంజిపల్లిలో, అనసూయ టీచరుగారి వసారాలో, మా అమ్మ చేపల తట్ట పక్కన కూర్చుని.

మాది ఆ దగ్గర్లోనే సముద్రపొడ్డున ఉన్న సోనేపూర్. మెట్రిక్‌లో ఇంగ్లీషు ఒక్కటే తప్పాను. "ఇంకోపాలి తప్పితే గుజరాత్ రొయ్యల కంపెనీకి ఎల్లిపో. మీ అక్కలు ఎల్లలేదేటి?" అన్నాడు అయ్య. భయంతో అన్నం సహించేది కాదు. రోజూ టీచరుగారింటికి చేపలు వేసే అమ్మ, ఉండబట్టలేక ఆవిడతో చెప్పేసింది. అప్పటికే రిటైరైన ఆ పెద్దావిడ గ్రామరు పుస్తకం తీస్తారనుకున్నాను. అట్టలూడిన లావుపాటి నవల తీశారు!

"రోజుకో పేజీ చదువు. చదివింది మీ అమ్మకు మన మాటల్లో చెప్పు. ఆమెకు అర్థమైతే నీకు వచ్చినట్టే," అన్నారు. అంతే ఆవిడ పద్ధతి. అమ్మ ఊరుకుంటుందా? "ఎవుడు కొట్టినాడు? ఎవుడ్ని? ఆడు అప్పటికే ఎల్లిపోనాడా, ఎల్లబోతన్నాడా? సరిగ్గా సెప్పు!" అని ప్రాణం తీసేది. జవాబు కోసం మళ్లీ ఆ వాక్యంలోకే తల దూర్చేదాన్ని. కర్త, కర్మ, కాలం అన్నీ అలాగే ఒంటబట్టాయి.

ఒకరోజు తుపాను ఘట్టం వచ్చింది. ఒడ్డు కనిపిస్తుండగా పడవవాడు పడవను సముద్రంలోకే తిప్పేస్తాడు. "నిరాశతో మతిపోయింది పాపం," అని వివరించారు టీచరుగారు. అమ్మ ఫక్కున నవ్వింది.

"మతి పోడమేటి అమ్మగోరూ! తుపానులో అల ఇరిగేది ఒడ్డుకాడే. ఒడ్డుకొస్తే నావ ముక్కలైపోద్ది. గాలి తగ్గేదాకా లోపలే ఉండిపోవాల. ఆడు బతకడానికే తిప్పినాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. బరంపురంలో ఎందరికో ఇంగ్లీషు చెప్పిన మనిషిని చేపలమ్మే మా అమ్మ దిద్దడమా! ఇక చదువు గోవిందా, గుజరాత్ రైలే గతి అనుకున్నాను.

టీచరుగారు కళ్లద్దాలు సరిచేసుకుని ఆ పేజీ మొదటినుంచీ చదివారు. వెనక పేజీ కూడా చదివారు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"నువ్వే రైటు లచ్చమ్మా. అంతా ఇక్కడే రాసి ఉంది. ముప్పై ఏళ్లుగా పిల్లలకు తప్పు చెప్పాను," అన్నారు. పెన్సిలు తీసి, అమ్మ మాటల్ని అమ్మ యాసలోనే పేజీ అంచున రాసుకున్నారు. అంత చదువూ, అంత వినయమూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఆ రోజుతో ఇంగ్లీషంటే భయం పోయింది. మా అమ్మకు అర్థమయ్యే సంగతులే కదా అందులో ఉన్నవి! పరీక్షలో ఎన్నడూ చూడని పేరా ఇచ్చారు. ఎవుడు, ఎవుడ్ని, ఎప్పుడు అని అడుగుతూ చదివాను. గట్టెక్కాను. మిఠాయి పట్టుకెళితే టీచరుగారు మొదటి ముక్క అమ్మ నోట్లో పెట్టారు.

ఇప్పుడు గిరిసోల బడిలో నేనూ ఇంగ్లీషు టీచర్నే. మొన్న ఒక నవలలో కోతల ఘట్టం చెబుతుంటే, కూలికెళ్లే వాళ్లమ్మాయి లేచి, "అలగ కొయ్యరు టీచరూ, మీకు తెలీదు," అంది. క్లాసంతా గొల్లుమంది. నాకు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. ఒక్క క్షణం ఆగి, కుర్చీలోంచి లేచాను. పుస్తకం ఆ పిల్ల చేతికిచ్చి, "ఇలా వచ్చి కూర్చో తల్లీ. నువ్వు చెప్పు, నేను వింటాను," అన్నాను.