బల్బు వెలుగుతుండగానే ఆగిన మగ్గాలు

ఇప్పుడే కరెంటు పోయింది. మా నార్పోలి పేటలో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఈ నిశ్శబ్దంలో నేను కుదురుగా కూర్చోలేను. లేచి వెళ్లి బల్బు చూస్తాను, ఆరిపోయిందని రూఢి చేసుకుంటాను, కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. ఇన్నేళ్లయినా ఇంతే. ఎందుకో రాసిపెట్టాలి. రాజేందర్ పోయినప్పుడు ధామన్కర్ నాకా కూడలిలో కట్టిన బ్యానరు రెండు వానలకే చిరిగిపోయింది. దాని మీద వీరుడని ఉంది గానీ అతనెవరో లేదు, నేను చేసిన తప్పూ లేదు.

రాజేందర్ మా పక్క ఖోలీ గదిలో ఉండేవాడు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. బడి మానేసి మగ్గం నడుపుతున్న నన్ను ఒక శుక్రవారం, సెలవు పూట, లైబ్రరీకి లాక్కుపోయాడు. చొక్కా నిండా దూది పీచు ఉందని గుమ్మంలోనే ఆగిపోయాను. "ఏందిరా, పెండ్లిచూపులకు వచ్చినట్టు సిగ్గువడుతున్నవ్? బుక్కు నిన్ను కొరుకది, నడువ్!" అన్నాడు. ఆ తర్వాత ప్రతి వారం, ఇంటికొచ్చే దారిలో నేను చదివిందంతా చెప్పించుకునేవాడు. నేను తడబడితే నవ్వేవాడు. "సగం సదివి మొత్తం చెప్తున్నవ్ రా." నిజమే, నాకా జబ్బు ఉండేది.

తర్వాత అతను ఫౌజులో చేరాడు. కొన్నేళ్లకు సెలవు మీద వచ్చి, ఆఫ్రికా వెళ్లే శాంతిసేనకు పేర్లు అడుగుతున్నారనీ, అవ్వ ఒప్పుకుంటేనే ఇస్తాననీ చెప్పాడు. వాళ్లమ్మ లచ్చవ్వను నేను చిన్నమ్మా అని పిలిచేవాణ్ని. మా షెడ్డులోనే కండెలు చుట్టేది. మగ్గాల చప్పుడులో ఏదీ వినబడదు గనుక మా దగ్గర ముఖ్యమైన మాటలన్నీ కరెంటు పోయేదాకా ఆగుతాయి. ఆ రోజు కరెంటు పోగానే ఆమె పక్కనే ఉన్న కొడుకును కాదు, నన్ను అడిగింది.

"బిడ్డా, నువ్వు బుక్కులు సదివినోనివి. గక్కడ వీని మీద తుపాకులు పేలుస్తరా?"

"శాంతిసేనోళ్లు నీలి టోపీ పెట్టుకుంటరు చిన్నమ్మా. గా టోపీ మీద ఎవ్వలు కాల్చరు. బుక్కులనే ఉన్నది," అన్నాను గొప్పగా.

రాజేందర్ నావైపు చూశాడు. "మొత్తం సదివినవా?"

"సదివిన."

"సరే, పో బిడ్డా," అంది చిన్నమ్మ అతనితో.

ఆరు నెలలు దాటాక, ఒక మధ్యాహ్నం షెడ్డులో మగ్గాలన్నీ ఆగాయి. అలవాటు కొద్దీ ఏదో మాట్లాడబోతూ చిన్నమ్మ పైకి చూసింది. బల్బు వెలుగుతూనే ఉంది. కరెంటు పోలేదు, షెడ్డు యజమాని సేఠే ఆపించాడు. గుమ్మంలో ఇద్దరు ఫౌజీలు నిలబడి ఉన్నారు. వాళ్లు నోరు విప్పకముందే ఆమె చేతిలోని కండె జారిపోయింది. దారిలో కాపు కాసి కాల్చారని వాళ్లు హిందీలో చెబుతుంటే, ఆమెకు తెలుగులో చెప్పాల్సింది నేనే. మధ్యలో ఆపి అడిగింది.

"టోపీ పెట్టుకోలేదా బిడ్డా?"

"పెట్టుకున్నడు చిన్నమ్మా."

మర్నాడే లైబ్రరీకి వెళ్లి ఆ మరాఠీ పుస్తకం తీశాను. నేను చదివి ఆపేసిన పేజీ వెనకాలే ఉంది, నీలి టోపీలతోనే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల సంగతి. పేజీ తిప్పలేదు, అంతే. చిన్నమ్మకు ఆ మాట చెప్పడానికి నాకు ఏడాది పట్టింది, అదీ ఒక రాత్రి షెడ్డులో కరెంటు పోయినప్పుడు. ఇప్పుడు ఏ పుస్తకమైనా చివరి అట్ట దాకా చదువుతాను. చదివినా, ఎవరైనా సలహా అడిగితే పుస్తకాన్నే వాళ్ల చేతిలో పెడతాను.

ఆ పాత పుస్తకాన్ని మళ్లీ వెతికిచ్చిన లైబ్రరీ విఠల్ కాకాకు కృతజ్ఞతలు. ఇది రెండుసార్లు చదివి తప్పులు దిద్దిన రాజేందర్ చెల్లె సుజాతకు కృతజ్ఞతలు. లచ్చవ్వ చిన్నమ్మకు, ఆ చీకట్లో నేను చెప్పిందంతా విని, మగ్గాలు మళ్లీ కదిలేముందు "వాని గురించి రాస్తే గిది గూడ రాయి" అన్నందుకు. రాశాను చిన్నమ్మా, మొత్తం.