ఇన్సాఫ్ దిద్దిన అక్షరం

కైరోలో అచ్చాఫీసులుండే ఫగ్గాలా వీధిలో ఏ పుస్తకంలోనైనా అచ్చుతప్పు కనిపిస్తే, "ఇది ఇన్సాఫ్ చేతి మీదుగా వచ్చింది కాదులే" అనేవాళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆమె మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. నేను అదే గదిలో అట్టబొమ్మలు వేసేవాణ్ణి. మా బల్లల మధ్య ఒక కిటికీ, ఒక టీ పొయ్యి ఉండేవి. ఆమె పెళ్ళి చేసుకోలేదు. షుబ్రా పేటలో తల్లితో ఉండేది, తల్లి పోయాక ఒంటరిగా ఉంది. ఒకసారి మూలమీద కొషరీ పప్పన్నం అమ్మే కొట్టు బోర్డులో తప్పుందని నిచ్చెన తెప్పించి మరీ దిద్దించింది.

"మదామ్, తప్పు రాస్తే మాత్రం రుచి తగ్గిందా?" అన్నాడు కొట్టువాడు.

"రుచి నీ సొంతం నాయనా. భాష మాత్రం అందరిదీ" అంది.

మా ప్రెస్సు బతికింది ఒకే ఒక్క నవలల వరస మీద. దాని పేరు 'ఉప్పు కోటలు'. ఉస్తాద్ అద్లీ రాసేవారు. జేబులో పట్టే చిన్న పుస్తకాలు, మేం అచ్చువేసినవి ముప్పై ఒకటి. వానొస్తే గోడలు కరిగిపోయే నగరం, దానికి కాపలా కాసే జిన్నులు, ఎక్కడ తవ్వితే నీళ్ళు పడతాయో వాసన పట్టి చెప్పే సుహా అనే పిల్ల. బడిపిల్లలు లెక్కల పుస్తకంలో దాచుకుని చదివేవాళ్ళు. ఇవాళ కైరోలో ముప్పై దాటినవాళ్ళలో చాలామంది సుహాతో పాటే పెరిగారు.

ఉస్తాద్ ఒకసారి రాసింది మళ్ళీ చూసుకునేవారు కాదు. ప్రూఫులు పంపితే తిప్పి పంపేవారు. "ఇన్సాఫ్ ఉందిగా, ఇంక నేనెందుకు?" అనేవారు. ఎవరు ఇంటర్వ్యూ అడిగినా ఒక కథ తప్పకుండా చెప్పేవారు. "తొమ్మిదో పుస్తకం చివర్లో సుహాని చంపేద్దామనే కూర్చున్నాను. తీరా అచ్చయి వచ్చాక చూస్తే బతికే ఉంది. నా చెయ్యి నా మాట వినలేదు. దేవుడు పట్టుకున్నాడు దాన్ని." ఆ మాట జనానికి ఎంత నచ్చిందంటే, కుర్రకారు చొక్కాల మీద కూడా అచ్చువేయించుకున్నారు.

కిందటేడు ఆ నవలల్ని పదిహేను భాగాల సీరియల్‌గా తీస్తామని దర్శకురాలు లమీస్ వచ్చింది. ముప్పై రెండేళ్ళ పిల్ల. మెట్లెక్కుతూనే, "ఉప్పు కోటలు పుట్టిన గది ఇదేనా?" అని గుమ్మం ముట్టుకుని కళ్ళకద్దుకుంది. పుస్తకాల్లో ఏది ఎక్కడుందో ఇన్సాఫ్‌కి తెలిసినట్టు రాసినాయనకే తెలియదని విని, ఆమెను సలహాదారుగా పెట్టుకుంది. ఇన్సాఫ్ ముఖం వెలిగిపోయింది. స్క్రిప్టు కాగితాలు ఎర్ర గీతలతో నిండిపోయేవి.

"సుహా ఉంగరం ఎడమచేతికి పెట్టారేమిటి? నాలుగో పుస్తకంలో ఆ చేతి వేలు తెగిపోయింది కదమ్మా!"

"మదామ్, మీరు ఇంకో వారం ముందు దొరికుంటే నాకు సగం జుట్టు మిగిలేది" అని నవ్వేది లమీస్.

నెల గడిచాక లమీస్ ఒక మాట అడిగింది. "ఉస్తాద్ చేతిరాత ప్రతులున్నాయా? కొట్టేసిన సీన్లేమైనా దొరుకుతాయేమో."

"లేవమ్మా. చెదలు తినేశాయి" అంది ఇన్సాఫ్ వెంటనే.

నా కుంచె ఆగిపోయింది. ఆ ప్రతులన్నీ గోదాములో రేకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. వాటి మీద దుమ్ము తుడిచేది కూడా ఆమే. ఇన్నేళ్ళలో ఆమె నోట అబద్ధం వినడం అదే మొదలు.

మర్నాడు పాత అట్టబొమ్మ ఒకటి కావాల్సి గోదాములోకి వెళ్ళాను. పెట్టె తెరిచి ఉంది. ఇన్సాఫ్ నేలమీద కూర్చుని ఒక కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది, చింపడానికి పట్టుకున్నట్టు. నన్ను చూసి కూడా లేవలేదు.

"ఏంటది?" అన్నాను.

"తొమ్మిదో పుస్తకం. చివరి వాక్యం చదువు వహ్బా అన్నా."

చదివాను. 'ఆ రాత్రి సుహా ఆ గుహలోనే మాతత్.' చనిపోయింది అని. కానీ అచ్చయిన పుస్తకంలో ఉన్నది బాతత్, అంటే రాత్రి గడిపింది అని. మా లిపిలో ఆ రెండు మాటలకీ తేడా మొదటి అక్షరం ఒక్కటే. చిన్న చుట్టు తీసేసి కింద ఒక చుక్క పెడితే చావు కాస్తా నిద్ర అవుతుంది.

"అచ్చుతప్పా?"

"కాదు. కంపోజింగ్‌లో సరిగ్గానే వచ్చింది. నేను దిద్దాను."

అప్పుడు చెప్పింది. ఇరవై మూడేళ్ళ కింద ఆమె చెల్లెలు బదూర్‌కి పదహారేళ్ళు, రక్తంలో జబ్బు. ఇన్సాఫ్ రోజూ ప్రెస్సు నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళి ఆ ప్రూఫులే చదివి వినిపించేది. బదూర్ తన నొప్పి సంగతి పక్కనపెట్టి సుహా గురించే అడిగేది. "అక్కా, ఇవాళ ఎంతదాకా వచ్చింది? గుహలోంచి బయటపడిందా?"

"చివరి పేజీ వచ్చిన రోజు మంచం పక్కన కూర్చున్నాను. చదువుతూ చదువుతూ ఆ మాట దగ్గర ఆగాను. బదూర్ నా మొహమే చూస్తోంది. నోట్లోంచి బాతత్ అనే వచ్చింది. 'అబ్బ, బతికిందా' అని కళ్ళు మూసుకుంది. ప్రెస్సుకి తిరిగొచ్చాక కాగితం మీద కూడా అదే దిద్దేశాను. పుస్తకం వస్తే తనే చదువుకుంటుంది కదా, అబద్ధం పట్టుకుంటుందని భయం. పుస్తకం రాకముందే పోయింది."

ఆమె ఏడవలేదు. కాగితాన్ని మడత పడకుండా పెట్టెలో పెట్టి మూత వేసింది. "చింపుదామనే వచ్చాను. ఇంకొకరి రాత చింపడానికి చెయ్యి రాలేదు" అంది.

నేనూ నోరు మూసుకున్నాను. కానీ దాగలేదు. రెండు రోజుల తర్వాత ఇన్సాఫ్ మధ్యాహ్నం నమాజుకి వెళ్ళిన సమయంలో లమీస్ వచ్చి, మా యజమాని హాజీని మాటల్లో ఆ ప్రతుల గురించి అడిగింది. ఆయనకేం తెలుసు పాపం! "చెదలేమిటి తల్లీ, నిక్షేపంలా ఉన్నాయి" అని తనే పెట్టెను కారులో పెట్టించాడు. ఇన్సాఫ్ తిరిగొచ్చి ఖాళీ చోటు చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

సాయంత్రానికే ఫోన్ మోగింది. లమీస్ గొంతు అవతల గదిదాకా వినిపించింది.

"మదామ్, నమ్మరు! ఆయన సుహాని నిజంగానే చంపేశాడు! మీ ప్రెస్సులో ఏ కంపోజిటరో కళ్ళు మూసుకుని అక్షరం మార్చేశాడు. ఐదో భాగం సుహా చావుతోనే ముగిస్తాను. గురువారం నటులందరూ కూర్చుని స్క్రిప్టు చదువుతున్నారు, ఉస్తాద్ కూడా వస్తున్నారు. ఆయన ముందే ఆ కాగితం తీస్తాను. ముందుగా చెప్పకండి."

ఫోన్ పెట్టేసి ఇన్సాఫ్ తన బల్ల దగ్గర కూర్చుంది. నేను టీ పోసి ఇచ్చాను. ముట్టుకోలేదు.

"కంపోజిటర్ తప్పనుకుంటున్నారుగా. ఊరుకో. అప్పటి కంపోజిటర్లు ఎవరూ ఇప్పుడు బతికి కూడా లేరు" అన్నాను.

"చచ్చినవాళ్ళ మీద తోస్తే వాళ్ళు దిద్దుకోలేరు కదన్నా" అంది. "నలుగురిలో ఆయనకి తెలియకూడదు. రేపు హెల్వాన్‌లో ఆయన ఇంటికి వెళ్తాను. నువ్వూ రా, ఒక్కదాన్నీ వెళ్ళలేను."

మెట్రోలో గంట ప్రయాణం. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీని మెలితిప్పుతూనే ఉంది. ఉస్తాద్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు. భార్య పోయాక వంట కూడా తనే. తలుపు తీసి, "ఓహో, నా కళ్ళు నడిచొచ్చాయే!" అని ఇన్సాఫ్‌ని చూసి నవ్వారు. చిక్కుళ్ళు ఒలుస్తూ ఉన్నారు, పళ్ళెం ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు.

ఆమె నిలబడే చెప్పింది. ఏమీ తగ్గించలేదు, చెల్లెలి సంగతి మాత్రం చెప్పలేదు. నేను అందుకోబోతే కళ్ళతోనే ఆపింది.

ఉస్తాద్ వేళ్ళు చిక్కుడుకాయ మీద ఆగిపోయాయి.

"మళ్ళీ చెప్పు" అన్నారు.

"బాతత్ అని దిద్దింది నేను ఉస్తాద్. కావాలనే."

"ఇరవై మూడేళ్ళుగా దేవుడు నా చెయ్యి పట్టుకున్నాడని లోకమంతా చెప్పుకు తిరిగాను. నా భార్య చనిపోతూ కూడా ఆ మాటే అంది, 'నిన్ను పట్టుకున్న చెయ్యి నన్నూ పట్టుకుంటుందిలే' అని. అది నీ ఎర్ర పెన్నా?"

పళ్ళెం జారిపడింది. చిక్కుడుగింజలు నేలంతా దొర్లాయి. ఇన్సాఫ్ వంగి ఏరబోయింది.

"ముట్టుకోకు! నా వస్తువు ఇంకొక్కటి ముట్టుకోకు. లే, వెళ్ళు."

మెట్లు దిగుతుంటే పైనుంచి ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. వీధిలోకి వచ్చాక, "చెల్లెలి సంగతి ఎందుకు చెప్పలేదు?" అని కోప్పడ్డాను.

"చెప్తే క్షమించాల్సి వస్తుంది ఆయనకి. అలా లాక్కుంటే అది క్షమాపణేనా?" అంది.

గురువారం దొక్కీలోని లమీస్ ఆఫీసులో పొడవాటి బల్ల చుట్టూ ఇరవై మంది కూర్చున్నారు. ఇన్సాఫ్ తలుపు పక్కనే కుర్చీ వేసుకుంది. నా అట్టబొమ్మలు చూపించమని నన్నూ పిలిచారు. ఉస్తాద్ వస్తారో రారో అనుకున్నాం. పావుగంట ఆలస్యంగా వచ్చారు. కోటు గుండీలు ఒకటి కిందా మీదా పెట్టుకున్నారు. ఎవరినీ పలకరించలేదు.

ఐదో భాగం చివరికి వచ్చేసరికి లమీస్ లేచి ప్లాస్టిక్ తొడుగులోంచి కాగితం తీసింది. "ఉస్తాద్, ఇది మీ చేతిరాతేనా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. ఆ ఒక్క వాక్యం చదవడానికి ఎంతసేపు పట్టిందో! నటుల్లో ఒకడు దగ్గబోయి ఆపుకున్నాడు.

"నాదే."

"అంటే సుహా చనిపోయింది. ఎవరో చేసిన అచ్చుతప్పును మనం తెర మీద ఎందుకు మోయాలి? మీ అసలు కథ నేను తీస్తాను."

ఇన్సాఫ్ కుర్చీ కిర్రుమంది. ఆమె లేచి నిలబడింది. "అమ్మా, అది అచ్చుతప్పు కా..."

"కూర్చో" అన్నారు ఉస్తాద్, ఆమె వైపు చూడకుండానే. ఆయన కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టారు.

"నా చెయ్యి నా మాట వినలేదని ఊరంతా చెప్పాను. అది నిజం కాదు. నా చెయ్యి విన్నది. చంపమంటే చంపింది. వేరే చెయ్యి బతికించింది. ఎవరిదని ఎవరూ అడగకండి, నేను చెప్పను. కానీ ఆ తర్వాత ఇరవై రెండు పుస్తకాలు బతికున్న సుహా గురించి రాసింది నేనే. వాటిలో ఎవరూ ఏమీ మార్చలేదు." కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "మార్చి ఉంటే నాకింకా తెలియదు" అన్నారు. ఎవరికీ నవ్వొచ్చే మాట కాదది. ఇన్సాఫ్ తల వంచుకుంది.

"కానీ ఉస్తాద్, చావు లేకపోతే ఐదో భాగం చప్పగా పోతుంది!"

"బలం కావాలా పిల్లా? ఆ పిల్ల గుహలో రాత్రంతా ఎలా గడిపిందో చూపించు. పుస్తకంలో అది లేదు, నేనెప్పుడూ రాయలేదు. రాత్రి గడిపింది అన్న మాట నాది కాదు కనక నాకు తెలియలేదు." కర్ర అందుకుని లేచారు. తలుపు దగ్గర ఇన్సాఫ్ పక్కనుంచే వెళ్ళారు, చూపు పక్కకి తిప్పకుండా.

లమీస్ మూర్ఖురాలు కాదు. ఆ సాయంత్రం ఇన్సాఫ్ బల్ల ముందుకొచ్చి కూర్చుంది. ఏమీ అడగలేదు, "ఆ రాత్రి నాకు రాయడం రావట్లేదు మదామ్" అంది అంతే. ఇన్సాఫ్ చెప్పడం మొదలుపెట్టింది. ఒళ్ళు కాలిపోతుంటే గోడ చల్లదనానికి చెంప ఆనించడం, నిద్రపోతే లేవనేమోనని వేళ్ళు లెక్కపెట్టుకోవడం, ఎవరైనా ఉన్నారా అని కాకుండా 'ఎవరున్నారు' అని ధైర్యంగా అడగడం. చెబుతున్నంతసేపూ గొంతు ఎక్కడా తడబడలేదు. లమీస్ రాసుకుంటూనే ఏడ్చేసింది.

రంజాన్‌లో ఐదో భాగం వచ్చిన రోజు ఇన్సాఫ్ ఇంట్లో ఇఫ్తార్ చేశాం. గుహ సీను పదకొండు నిమిషాలు. సుహా ఒక్కతే, వెలుతురు కొద్దిగా. ఇన్సాఫ్ ఖర్జూరం గింజ చేతిలోనే పెట్టుకుని కదలకుండా చూసింది. అయిపోయాక, "బదూర్ ఇంతకన్నా ఎక్కువ మాట్లాడేది" అని లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళింది.

ఉస్తాద్ ఆమెతో మళ్ళీ మాట్లాడలేదు. ముప్పై రెండో పుస్తకాన్ని, అదే ఆఖరిది, వేరే ప్రెస్సుకిచ్చారు. ఇన్సాఫ్ దాన్ని కాలిబాట మీద కొట్టులో కొనుక్కుని రెండు రోజుల్లో చదివింది. మూడు తప్పులు దొరికాయి. పేజీ, వరుస, సరైన రూపం చిన్న చీటీ మీద రాసి, కింద ఒక్క మాట కూడా కలపకుండా హెల్వాన్‌కి పోస్టు చేసింది.

జవాబు రాలేదు. రెండో ముద్రణ వచ్చాక నేనే వెళ్ళి చూశాను. మూడూ దిద్ది ఉన్నాయి.