లేవాల్సిన మనిషి బొమ్మ

మా యానిమేషన్ శిక్షణ తరగతిలో అందరికంటే పెద్దావిడ టైలరమ్మ. రెడీమేడ్ బట్టల దెబ్బకి కుట్టుమిషన్ మూలన పడింది. పక్షవాతంతో భర్త కుర్చీకి అతుక్కుపోయాడు. పరీక్ష నెగ్గితే స్టూడియోలో ఉద్యోగం, నెగ్గకపోతే ఇంటిదారి. మా పిల్లమూకకి అమ్మానాన్నల అండ ఉంది. ఆవిడకి ఇంకో దిక్కు లేదు.

మొదటి పాఠం, పైనుంచి పడే బంతిని కాగితం తర్వాత కాగితం మీద గీయడం; కాగితాలు గబగబా తిప్పితే అది కదిలినట్టు కనపడాలి. ఆవిడ బంతి నేల మీద పడదు, గాల్లో తేలుతూ దిగుతుంది. మాస్టారు కాగితాలు తిప్పి చూసి తల పట్టుకున్నారు.

"ఏంటమ్మా, బొమ్మకీ బొమ్మకీ మధ్య అన్నిచోట్లా ఒకటే ఎడం పెట్టావు?"

"కుట్టు సమానంగా లేకపోతే పని రాదంటారండీ."

మేమంతా పగలబడి నవ్వాం. బంతి పైన నిదానిస్తుంది కాబట్టి అక్కడ బొమ్మలు దగ్గరగా ఉండాలనీ, కిందికొచ్చేకొద్దీ దూరం జరగాలనీ, నేల తగలగానే బంతి కాస్త అణగాలనీ మాస్టారు ఓపిగ్గా చెప్పారు. ఆ సమానపు అలవాటు వదిలించుకోవడానికి ఆవిడ చేతులు పడ్డ పాట్లు దేవుడికెరుక.

పరీక్షకి ఇచ్చిన పని చిన్నదే. యాభై దాటిన భారీ మనిషి కుర్చీలోంచి లేచి నిలబడాలి. టైలరమ్మ మొహం వెలిగింది. రోజూ భర్తని లేపేది తనే కదా! ఒళ్లు మొదట వెనక్కి వాలడం, తర్వాత ముందుకు ఒంగడం, బరువు పాదాల మీదికి రావడం, అన్నీ కళ్లారా చూసినవే. గీసి తెచ్చింది. మాస్టారు కాగితాలు గబగబా తిప్పితే బొమ్మ నిజంగానే లేచింది.

"బానే ఉంది గానీ, ఈయన పక్కకి ఒరిగి లేస్తున్నాడేంటి? ఎవరి మీద ఆనుకున్నాడు?"

ఆవిడ కాగితాలు తీసుకుని తనే తిప్పుకుంది. చూసింది చూసినట్టు గీసింది, పక్కనున్న తనని తప్ప.

"సొంతంగా లేవాలమ్మా. రేపే ఆఖరు."

ఆ ఒరుగు తీసేస్తే బొమ్మ పడిపోతోంది. నేను లేచి చూపించాను. "నువ్వు మిడతలా ఎగురుతావే తల్లీ, బరువైన మనిషి అలా లేవడు" అని నిట్టూర్చింది. భర్త ఒంటరిగా ఎలా లేచేవాడో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదట.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది తర్వాత నాకు చెప్పింది.

"ఏవండీ, నేను పట్టుకోకుండా ఒక్కసారి లేస్తారా?"

"నీ పరీక్షకా? పెన్సిల్ తీసుకో. చెయ్యి మాత్రం వెయ్యకు."

వెనక్కి వాలాడు. ముందుకు ఒంగాడు. మెడ నరాలు లేచాయి, మనిషి లేవలేదు. చెమటలు కారుతున్నా మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. "చాలండి, మీ కాళ్లు పట్టుకుంటాను" అని ఆవిడ బతిమాలింది. "గీశావా లేదా?" అన్నాడు. జానెడు పైకి లేచి దబ్బున కూలబడ్డాడు. ఆవిడ ఏడుస్తూనే గీసింది.

మర్నాడు మాస్టారు ఆ కాగితాలు తిప్పారు, మళ్లీ తిప్పారు.

"బరువంటే ఇదమ్మా. కానీ పరీక్షలో మనిషి లేవాలి. ఈయన లేవలేదే! మధ్యాహ్నం దాకా ఆగుతాను, లేపు."

టైలరమ్మ పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది. డాక్టర్లు ఎంత చెప్పినా, చుట్టాలు ఎంత చెప్పినా చెవిన పెట్టని మాట మా అందరి ముందూ ఆవిడ నోటే వచ్చింది.

"లేవరండీ. ఆయన ఇంక లేవరు."