చెప్పులు లైన్లో ఉండాయి

మా అనంతపురం జిల్లాలో వానను నమ్ముకున్న పంట ఏదీ వరుసగా మూడేళ్లు ఇంటికి రాదు. నేను మాత్రం ముప్పై ఏళ్లుగా ఒకే పంట తీస్తున్నాను. దానికి వాన అక్కర్లేదు, బోరు అక్కర్లేదు, అడవిపందుల బెడద లేదు. ఆ పంట పగ.

విత్తు పడిన రోజు చెబుతాను. ఇంటర్ మొదటి సంవత్సరం, క్లాసు లీడరు ఎన్నిక. పోటీ చేసేవాళ్లు బోర్డు మీద పేరు రాయండి అన్నారు. అందరికంటే ముందు లేచి రాసింది నేను. ఎంత పెద్దగా రాశానంటే ఒక సుద్దముక్క పూర్తిగా అరిగిపోయింది, రెండో మనిషికి బోర్డు కింద గోడే దిక్కయింది. ఇంటికి పోతే మా నాయనకు జ్వరం. విత్తన శెనక్కాయల కోసం ఆయన నిలబడాల్సిన లైన్లో రెండు రోజులు నేను నిలబడ్డాను.

ఆ లైను సంగతి కొంచెం చెప్పాలి. సబ్సిడీ విత్తనాలు ఇచ్చే చోట జనం అర కిలోమీటరు పొడుగు నిలబడతారు. ఎండకు తాళలేని మనిషి తన చోట చెప్పుల జత విడిచి నీడకు పోతాడు. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే. గట్టు జరిపి గొడ్డళ్లు తీసిన అన్నదమ్ములు మా వైపు ఊరికి పదిమంది దొరుకుతారు. లైన్లో చెప్పు జరిపిన మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు.

అట్లాంటి లైన్లోంచి కాలేజీకి తిరిగి వచ్చి చూస్తే, బోర్డు మీద నా పేరు లేదు. నా వెనక బెంచీ అబ్బాయి పేరుంది. తుడిచిందీ అతనే, లీడరయిందీ అతనే. ఇదేందని అడిగితే, "నువ్వు ఈడ లేవు కదా" అన్నాడు. పెళ్లిపీటల మీద తలంబ్రాలు పోస్తున్నప్పుడు కూడా ఆ నాలుగు మాటలే నా చెవిలో మోగాయి. మా ఆయన నెత్తిన బియ్యం అంత గట్టిగా పడడానికి కారణం ఆయన ఇప్పటికీ వెతుక్కుంటున్నాడు.

పోయిన మే నెలలో, పదో తరగతి రాసిన మా బడి ఆడపిల్లలు నలుగురిని తీసుకుని నన్ను ఒక వేసవి శిబిరానికి పంపారు. నేను సోషల్ టీచర్ని కాబట్టి రాజకీయం నాకు తెలుసని పై వాళ్ల నమ్మకం. యువతకు రాజకీయాలు, నాయకత్వం నేర్పే శిబిరం, పది రోజులు, టౌను బయట ఒక హాస్టలు భవనంలో. ఆడపిల్లల వసతికి నేనే వార్డెను.

శింగనమల దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే ఊరి పిల్ల ఒకతె ఆ నలుగురిలో ఉంది. గొర్రెలు కాసుకునే వాళ్లమ్మాయి. ఆటోలో నా పక్కనే కూర్చుని, సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించింది. ఊరి వాళ్ల సంతకాలు, వేలిముద్రలు.

"మా ఊరికి బస్సు నిలిపేసినారు మేడం. కాలేజీ చూస్తే పద్నాలుగు కిలోమీటర్లుండాది. బస్సుంటే చదువు, లేకుంటే గొర్రెలు అన్నాడు మా నాయన. శిబిరానికి ఆఖరు రోజు పెద్దాఫీసరు వస్తాదంట కదా. ఆయమ్మకు ఈ కాగితం ఇచ్చి రెండు నిమిషాలు మాట్లాడల్ల. అందుకే వస్తాండా నేను. లీడరయ్యేకి కాదు."

"అయితే మాట్లాడిస్తాలే" అన్నాను. మాట ఇవ్వడంలో నేను ఏ రాజకీయ నాయకుడికీ తీసిపోను.

శిబిరం మొదటి రోజు వేదిక మీదికి డైరెక్టరు వచ్చాడు. నా వెనక బెంచీ అబ్బాయి. జుట్టు సగం పోయింది, కోటు వచ్చింది. అనంతపురంలో మే నెలలో కోటు. ఆ కోటు విప్పి పిండితే ఎకరం టమోటా తడుస్తుంది. పిల్లలు మధ్యాహ్నానికల్లా అతనికి కోటుసారు అని పేరు పెట్టారు. నన్ను చూసి "నమస్తే మేడం" అన్నాడు, గుర్తున్నట్టూ లేనట్టూ. అతని గొంతు గుంతకల్లు జంక్షన్లో ఆలస్యంగా వచ్చే రైళ్ల పేర్లు చదివే గొంతులా తయారయింది. "నాయకుడికి ఉండవలసిన మొదటి లక్షణం ఇతరులు చెప్పేది వినడం" అని మొదలుపెట్టి మూడు గంటలు ఎవరినీ నోరు తెరవనివ్వలేదు.

ఎనిమిది రోజులు ఓర్చుకున్నాను. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం సాంబారు. ఆ సాంబారులో ఒకటే మునక్కాయ ముక్క ఉండేది. అది రోజూ ఎవరి గిన్నెలోనూ పడకుండా తప్పించుకునేది, అదీ నేనూ ఒకరినొకరం గుర్తుపట్టేంత చనువు ఏర్పడింది.

తొమ్మిదో రోజు అతను ప్రకటించాడు. "రేపు అధికారిణి గారు అరగంట మాత్రమే ఉంటారు. ఐదుగురికి మైకు. తొమ్మిది గంటలకు లైన్లో ఎవరు ముందుంటే వారికే అవకాశం. ప్రజాస్వామ్యం అంటే ఇదే."

ఆ ఐదుగురు ఎవరో నాకు ముందే తెలుసు. అతను సొంతంగా నడిపే కోచింగ్ సెంటరు పిల్లలు టైలు కట్టుకుని, మెస్సు వెనక నిలబడి "ఈ శిబిరం మా జీవితాన్నే మార్చింది" అని మూడు రోజులుగా బట్టీ పడుతున్నారు. మిగతా వాళ్లు టిఫిను దగ్గర ఉండగా వాళ్లను నిలబెట్టేద్దామని అతని లెక్క.

కానీ పల్లె పిల్లల ముందర లైను అనే మాట అనకూడదు. మరుసటి రోజు తెల్లవారేసరికి హాల్లో మైకు ముందు నలభై జతల చెప్పులు బారుగా ఉన్నాయి. పిన్నీసులు గుచ్చిన హవాయి చెప్పులు, బొటనవేలు పట్టీ తెగితే ట్వైను దారం కట్టిన చెప్పులు, ఇంట్లో అన్నవి తొడుక్కొచ్చిన పడవలంత చెప్పులు. ఆ నలభైకీ ముందు ఇంకో జత, ఎర్రపట్టీలది. అవి నావి. నా వెనకే రెండో స్థానంలో ఆ పిల్లవి. పిల్లలకు మాట్లాడే చోట టీచరమ్మ చెప్పులేంటని మీరు అడగొచ్చు. వేదిక మీద అతను, చేతిలో మైకుతో నేను, మధ్యలో పెద్దాఫీసరు. ముప్పై ఏళ్లలో ఇట్లాంటి అమరిక ఇంకోసారి దొరుకుతుందా చెప్పండి.

ఉగ్గాని తిని వచ్చేసరికి చెప్పులు లేవు. హాలు వెనక వేపచెట్టు కింద కుప్పగా పడున్నాయి. పక్క తోట మేకలు రెండు అప్పుడే రుచి చూస్తున్నాయి. మైకు ముందు ఐదు టైలు నిలబడి ఉన్నాయి.

ఆ పిల్ల నేరుగా అతని దగ్గరికే పోయింది. "సార్, లైన్లో నేను రెండోదాన్ని."

"లైన్లో మనిషి ఉండాలమ్మా, చెప్పులు కాదు. నువ్వు ఇక్కడ లేవు కదా" అన్నాడు అతను.

ముప్పై ఏళ్లలో ఆ మాటల్లో మారింది ఒక్కటే. ఈడ పోయి ఇక్కడ వచ్చింది. నాకు కోపం రాలేదు. పెళ్లికూతురికి మేళం వినబడినట్టు ఒళ్లంతా తేలికయింది.

పిల్లలు చెప్పుల కుప్ప మీదికి పరిగెత్తబోతే నేను చేతులు చాచి అడ్డం నిలబడ్డాను. "ఎవరూ ముట్టుకోవద్దు. అట్లే ఉండనీ. అందరూ పోయి గేటు నుంచి హాలు దాకా నాపరాళ్ల మీద బారుగా నిలబడండి. ఆఫీసరమ్మకు స్వాగతం చెప్పల్ల."

"కాళ్లు కాల్తాయి మేడం" అంది ఆ పిల్ల.

"కాలనీ."

మే నెలలో పది గంటలకు నాపరాయి ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. దాని మీద గుడ్డు కొడితే అట్టవడమే కాదు, మాడిపోతుంది. నలభై మంది పిల్లలు, ఎనభై కాళ్లు, ఏ నిమిషం చూసినా నేల మీద నలభై కాళ్లే. అంత ఉత్సాహంగా గెంతుతూ స్వాగతం చెప్పే పిల్లలను ఆ ఆఫీసరమ్మ తన ఉద్యోగంలో చూసి ఉండదు. జీపు దిగి నాలుగడుగులు వేసి ఆ పిల్ల దగ్గరే ఆగింది.

"ఏం పాపా, చెప్పులు లేవా మీకు?"

"ఉండాయి మేడం. లైన్లో ఉండాయి."

"ఏ లైన్లో?"

"మైకు లైన్లో. తెల్లారుజామునే పెట్టినాం. సారు ఎత్తి చెట్టు కింద పారేసినాడు."

ఇంకో జిల్లాలో అయితే ఈ మాటకు అరగంట వ్యాఖ్యానం కావాలి. ఈ ఆఫీసరమ్మ మా జిల్లా విత్తనాల లైన్లలో తగాదాలు తీర్చి తీర్చి జుట్టు నెరిసిన మనిషి. కోటుసారు వైపు తిరిగింది.

"లైన్లో చెప్పులు తీసినారా? విత్తనాల కాడ ఈ పని చేసింటే మిమ్మల్ని బయటికి తెచ్చేకి నేను రెండు జీపుల పోలీసుల్ని పిలవాల్సి వచ్చేది. తెప్పించండి సార్. పిల్లలు కాళ్లు కాలి ఎగురుతాండారు."

అటెండరు నీళ్ల ట్యాంకరు దగ్గర ఉన్నాడు. కాబట్టి డైరెక్టరుగారే పోయారు. నలభై జతలు. చేతుల్లో పట్టక కోటు విప్పి, దాంట్లో మూటగట్టి తెచ్చాడు. కుడిది దొరికితే ఎడమది లేదు, ఎడమది దొరికితే దాని పట్టీ మేక నోట్లో ఉంది. ఒక్కొక్క పిల్ల ముందూ వంగి, "ఇదేనా అమ్మా నీది" అని అడుగుతూ వచ్చాడు. నేను నీడలో నిలబడి, "ఆ ఎర్రపట్టీవి నావి సార్" అన్నాను. అవి నా పాదాల ముందు పెట్టి, వంగినవాడు వంగినట్టే తలెత్తి చూశాడు.

"ఇంకా మర్చిపోలేదా నువ్వు" అన్నాడు మెల్లగా. జంక్షను గొంతు యాడికి పోయిందో, పాత బెంచీ గొంతు వచ్చింది.

"నీకూ గుర్తుండాదే" అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ జ్ఞాపకం పటం కట్టించుకుని గోడకు తగిలించుకునేదాన్ని.

అందరం లోపలికి పోయాం. చెప్పులు పంచడానికే ఇరవై నిమిషాలు పోయాయి. ఆఫీసరమ్మ వాచీ చూసుకుంటూ, "మొదటి జత ఎవరిదో వాళ్లు రండి" అంది. నేను లేచాను. ఆ పిల్ల నా కొంగు పట్టుకుంది. "మేడం, నన్ను పంపించండి. టైము లేదు."

"రెండే నిమిషాలు" అన్నాను.

మైకు పట్టుకున్నాక ఏం జరిగిందో నాకు పూర్తిగా తెలియదు. బోర్డు దగ్గర మొదలుపెట్టాను. నా పేరు అక్షరాలు ఆ రోజు హైవే మీద లారీ వాళ్లకు కూడా కనబడ్డాయని చెప్పాను. మా నాయన జ్వరం నూట పది దాటిందని చెప్పాను. సుద్దపొడిలో కలిసిపోయిన నా భవిష్యత్తును కళ్లకు కట్టాను. పిల్లలు విరగబడి నవ్వారు, ఆఫీసరమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కోటు లేని కోటుసారు నేల చూపులు చూస్తుంటే, నా గొంతు ఇంకా ఇంకా తియ్యగా అయింది. దేవుడి ప్రసాదం కూడా అంత తియ్యగా ఉండదు.

ఫోను మోగింది. ఆఫీసరమ్మ లేచి అందరికీ దండం పెట్టి, నవ్వుతూనే జీపెక్కింది.

ఆ పిల్ల మైకుకు రెండడుగుల దూరంలో, చేతిలో కాగితంతో నిలబడే ఉంది.

"మీ పని అయిపోయిందా మేడం" అంది. అడిగినట్టు లేదు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో నాకు దూరంగా, ఆ చివరికి పోయి కూర్చుంది. బజ్జీలు కొనిపెడితే పక్క పిల్లకు ఇచ్చేసింది. ఊరి అడ్డరోడ్డు దగ్గర దిగి, ఆటో కదలబోయే ముందు, "సోమవారం అర్జీలు తీసుకుంటారంట. పొద్దున ఎనిమిదికి ఆఫీసు కాడ ఉంటా. మీరు రావల్ల" అని చెప్పి వెళ్లిపోయింది.

పోయాను. మొదటి సోమవారం ఆఫీసరమ్మ వేరే ఊళ్లో ఉంది. రెండో సోమవారం, దూరం ఎంతో రాయించుకుని రమ్మన్నారు. అది రాయించడానికి నన్నే పంపింది ఆ పిల్ల. వేసవి సెలవుల్లో నేను పెట్టాలనుకున్న ఆవకాయ, పోవాలనుకున్న చెల్లెలి ఇల్లు, నిద్రపోవాలనుకున్న నలభై మధ్యాహ్నాలు అన్నీ ఆ ఆఫీసు వరండాలోనే కరిగిపోయాయి. మూడో సోమవారం ఆఫీసరమ్మ మమ్మల్ని చూడగానే గుర్తుపట్టి నవ్వి, "చెప్పండి టీచర్ గారూ" అంది. నేను గాలి పీల్చుకున్నాను.

"ఈయమ్మ మాట్లాడదు మేడం" అంది ఆ పిల్ల. "మాట్లాడాల్సిందంతా ఆ పొద్దే మాట్లాడేసింది. నేను చెప్తా."

రెండే నిమిషాలు. ఊరు, దూరం, ఎంతమంది ఆడపిల్లలు మానేశారో, ఎంతమంది మానబోతున్నారో చెప్పి కాగితం పెట్టింది. నేను నోరు తెరవలేదు. మా ఇంట్లో చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

బస్సు వచ్చింది. అయితే ఒక నెల చూస్తామన్నారు. జనం బాగా ఎక్కితే ఉంచుతారు, లేకుంటే తీసేస్తారు. ఆ మాట నాకు తెలియజేయడానికి ఆ పిల్ల స్వయంగా మా బడికి వచ్చింది.

"తలకాయలు లెక్కపెడతారంట మేడం. నెల పొడుగూ మీరు గూడా ఎక్కల్ల."

నాకు స్కూటరుంది. ఇంటి నుంచి బడికి ఇరవై నిమిషాలు. బస్సు ఆరున్నరకు టౌన్లో బయలుదేరి, మా బడి దాటి, ఏడు ఊళ్లు తిరిగి, ఆ పిల్ల ఊరికి పోయి, మళ్లీ వెనక్కి వస్తూ మా బడి ముందు నుంచే కాలేజీకి పోతుంది. దాంట్లో గంటన్నర కూర్చుంటాను, ఒకసారి దాటిపోయిన చోటికే తిరిగి రావడానికి. ఆ రోడ్డు గుంతలకు నా వెన్నుపూసలు వరస మారాయి, మెడలో ఉండాల్సింది నడుములోకి వచ్చింది.

మూడో వారంలో కండక్టరు ఉండబట్టలేక అడిగాడు. "ఏం మేడం, బండి పెట్టుకోని రోజూ ఈ చుట్టు తిరుగుడు ఎందుకు మీకు?"

నేను ఏదో చెప్పబోయాను.

"ఆయమ్మకు బస్సంటే చానా ఇష్టం, అన్నా" అంది ఆ పిల్ల, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే.