ముఖానికి ఏమీ రాయకుండా

మా అమ్మాయికి ఎనిమిదో ఏట పెదవి పక్కన తెల్లమచ్చ వచ్చింది. బాపట్లలో ఒక పెళ్లి భోజనాల దగ్గర మా పెద్దమ్మ తన మనవణ్ణి దాని పక్కనుంచి లేపి అవతలి వరసలో కూర్చోబెట్టింది. "అంటుకునేది కాదంటలేవే, అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలిగా," అంది. ఆ పూట పిల్ల ముఖం కంటే నా ముఖమే ఎక్కువ తెల్లబోయింది.

తెనాలిలో ఒక ఆసుపత్రిలో అతినీలలోహిత కాంతి పెడతారన్నారు. వారానికి రెండుసార్లు రేపల్లెలో రైలెక్కేవాళ్లం. పిల్ల నల్లకళ్లద్దాలు పెట్టుకుని దీపాల పెట్టె ముందు కూర్చునేది. చర్మం కాస్త ఎర్రబడితేనే కాంతి పనిచేస్తున్నట్టట. అది కనిపించేదాకా సిస్టరు ప్రతిసారీ కొన్ని సెకన్లు పెంచేది.

"ముఖానికి ఏమీ రాయకుండా తీసుకురండమ్మా," అని మొదటి రోజే చెప్పింది. తలూపాను. తలూపడంలో నాకు మంచి పేరుంది.

కానీ స్టేషను దాకా ఎండలో నడిస్తే చుట్టూ నల్లబడి మచ్చ ఇంకా తేలిపోతుంది. అందుకని ఎండ ఆపే క్రీము దట్టంగా రాసి, ఆసుపత్రి గుమ్మం దగ్గర కొంగుతో పైపైన తుడిచేదాన్ని. ఎండ వేరు, ఆసుపత్రి దీపం వేరు అనుకున్నాను. డిగ్రీలో సైన్సు చదివాను. ఆ సంగతి ఇక్కడ దాచినా బాగుండేది.

మూడు నెలలైనా మచ్చ రంగు తిరగలేదు. సెకన్లు మాత్రం పెరుగుతూ పోయాయి. ఒకరోజు క్రీము అయిపోతే ఉత్తి ముఖంతోనే తీసుకెళ్లాను. క్రీమును దాటడానికి పెంచుకుంటూ వచ్చిన కాంతి అంతా చర్మం మీద పడింది. సాయంత్రానికి కందిపోయింది, తెల్లారేసరికి బొబ్బలు.

"ఇన్నాళ్లూ ఏమైనా రాశారా?" డాక్టరు నన్నడిగారు.

"లేదండి."

ఆయన సిస్టరు వైపు తిరిగారు. "చూసుకోకుండా ఎలా పెంచావమ్మా? చిన్నపిల్ల మొహం అది."

ఆమె నన్నొకసారి చూసి తల దించుకుంది. పిల్ల నా చెయ్యి వదిలేసింది.

బొబ్బలు మానాక, తక్కువ సెకన్లతో మళ్లీ మొదలుపెడదామన్నారు. బయల్దేరమంటే పిల్ల చెప్పులు వేసుకోలేదు.

"డాక్టరుగారికి నిజం చెప్తావా?"

"అదంతా ఇప్పుడెందుకే? మచ్చ పోవాలా వద్దా?"

"ఉంటే నాకేం కాదమ్మా. నీకే."

ఆ రైలు వెళ్లిపోయింది. మర్నాడూ బతిమాలాను, ఆ వారమంతా బతిమాలాను. చెప్తానన్న ఒక్క మాట మాత్రం నా నోట రాలేదు. ఇప్పుడది తొమ్మిదో తరగతి. మచ్చ పెదవి దాటి గడ్డం మీదికి వచ్చింది.