అమ్మ ఇచ్చిన అనుమతి

మొన్న ఆదివారం మా మనవరాలు, ఊరికే కూర్చుని వద్దువుగాని రమ్మని బలవంతపెట్టి, ఏలూరులో కొత్తగా పెట్టిన ధ్యాన కేంద్రానికి నన్ను తీసుకువెళ్ళింది. లిఫ్టెక్కి మూడో అంతస్తుకు వెళితే మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కుర్చీలు, ఏసీ, తాగడానికి గోరువెచ్చని నీళ్ళు, నాలాంటి ముసలిదానికి వంక పెట్టడానికేమీ లేదు. ఆ రోజు అక్కడ పిల్లలకు పది రోజుల భిక్షు దీక్ష ఇస్తున్నారు. సెలవుల్లో ఈత నేర్చుకోమని పంపినట్టే దీనికీ పంపుతున్నారట. గుండ్లు చేయించుకున్న పిల్లలు, అలవాటు లేని కాషాయం జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని వరసగా కూర్చున్నారు. చిన్న వయసు భిక్షువొకాయన మైకులో, మీ అమ్మానాన్నలు అనుమతి ఇచ్చారా అని అడిగితే, ఇచ్చారని అందరూ ఒక్క గొంతుతో అరిచారు. తల్లులు నవ్వుతూ ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. నా చేతులు చల్లబడిపోయాయి. ఏసీ పడలేదనుకుని మనవరాలు శాలువా కప్పింది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకక మా ఇంట్లో ముగ్గురం నెలల తరబడి నలిగిపోయామని దానికి ఏమని చెప్పను?

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, దేశమంతా రెండున్నర వేల ఏళ్ళ బుద్ధ జయంతి అంటూ సభలూ ఊరేగింపులూ చేసిన ఆ రోజులు. ఏలూరులో తమ్మిలేటి ఒడ్డున ఒక ధాన్యం వ్యాపారి తన మేడమీది గదులు ఖాళీ చేసి, సింహళం నుంచి వచ్చిన ఒక భిక్షువుకు ఇచ్చారు. కింద బస్తాలు, పైన ధ్యానం. ధాన్యం దుమ్ము లేచినప్పుడల్లా కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళు వరసగా తుమ్మేవారు. ఆయన తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు కాబట్టి మా అందరికంటే శుద్ధంగా మాట్లాడేవారు. ఆయనను భంతే అని పిలవాలట, అంటే అయ్యగారూ అన్నట్టేనట. అయినా మన గోదావరి జిల్లావాళ్ళకు గారు తగిలించకపోతే నోరు తిరగదు కదా, ఊరంతా భంతే గారండీ అనేవారు. మొదట్లో సరిదిద్దబోయి, తర్వాత ఆయనే మానుకున్నారు.

అప్పుడు అన్నయ్య ఏలూరులో రైసు మిల్లు గుమస్తా, నేను టీచర్ ట్రైనింగు చదువుతున్నాను. ఇద్దరం పవరుపేటలో ఒక గది తీసుకుని ఉండేవాళ్ళం. అమ్మ మాత్రం గుండుగొలను దిగువన, కొల్లేటి గట్టు మీది మా ఊళ్ళోనే ఉండి, చేపలమ్మి మమ్మల్ని చదివించింది. నాన్న మా చిన్నతనంలోనే పోయాడు. గాలివాన వచ్చేలోగా వలలు తెచ్చుకోవాలన్న తొందరలో దోనె తోసుకుంటూ, రోజూ "ఎళ్ళొస్తా" అనే మనిషి ఆ రోజు "పోతున్నానే" అన్నాడట. ఆ మాటే ఆయనను తీసుకుపోయిందని అమ్మ నమ్మకం. అప్పటి నుంచి మా ఇంట్లో వెళ్తానని ఎవరూ అనకూడదు. బస్సు దాటిపోతోందని గోల పెట్టినా సరే, గట్టు దాకా వెళ్ళినవాళ్ళను వెనక్కి పిలిచి, వెళ్ళొస్తానని అనిపించుకుంటే గాని వదిలేది కాదు. చుట్టపక్కాలు దీని మీద అమ్మను ఎంత ఆటపట్టించినా ఆవిడ నవ్వేది కాదు.

అన్నయ్య మొదట ఆదివారాలు మాత్రం మేడ మీదికి వెళ్ళేవాడు. తర్వాత రోజూ వెళ్ళసాగాడు. తర్వాత చేపలు మానేశాడు. కొల్లేట్లో పుట్టి చేప మానేయడమేమిటని ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆ తర్వాత మిల్లు ఉద్యోగం మానేసి, తల గొరిగించుకుని, తెల్ల బట్టలు కట్టి ఆ మేడ మీదే ఉండిపోయాడు. అది మొదటి మెట్టట. మధ్యాహ్నం దాటితే భోజనం లేదు, నేల మీద పడక. రెండో మెట్టు కాషాయం, అది భంతే గారొక్కరే ఇవ్వవచ్చు. మూడో మెట్టు పూర్తి భిక్షువు కావడం. దానికి భిక్షువుల సంఘం కూడాలి, కాబట్టి సముద్రం దాటి సింహళం వెళ్ళాలి. ఒకప్పుడు మన గుంటుపల్లి కొండ గుహల నిండా భిక్షువులుండేవారని, ఇప్పుడొక్కరు కావాలంటే పరాయి దేశం పోవలసి వచ్చిందని అన్నయ్య బాధపడుతూ చెప్పేవాడు. నాకు ఆ గుహలంటే కోపం, ఆ మేడంటే కోపం, నిజం చెప్పాలంటే బుద్ధుడంటే కూడా కోపంగానే ఉండేది. పెళ్ళాం బిడ్డలను వదిలి వెళ్ళిన మనిషికి ఇంకొకళ్ళ అన్నయ్యలు ఎందుకు అనుకునేదాన్ని.

రెండో మెట్టు ఎక్కాలంటే తల్లి అనుమతి కావాలన్నారు. కొడుకూ మనవడూ కూడా వెళ్ళిపోతే ఆ దుఃఖం పట్టలేక బుద్ధుడి తండ్రే కోరి పెట్టించుకున్న నియమమట అది. అన్నయ్య అమ్మను ఏలూరు తీసుకొచ్చాడు. ఆవిడ కొంగు భుజాల నిండా కప్పుకుని చాప మీద కూర్చుంది. భంతే గారు ముందుగా, దీక్షలో ఏమేం అడుగుతారో వివరించారు. నువ్వు మనిషివేనా అని కూడా అడుగుతారనేసరికి అమ్మ అంత దిగులులోనూ, "మనిషి కాక మరేంటండీ, నేనే కదా కన్నాను" అంది. ఆయనా నవ్వారు. ఇక మీ అనుమతి చెప్పండమ్మా అన్నారు. అమ్మ అన్నయ్య గుండు తడిమి, "ఎళ్ళిరా నాయనా" అంది.

అయిపోయింది కదా అనుకున్నాను. భంతే గారు మాత్రం నెమ్మదిగా అన్నారు: "అమ్మా, మీరు వెళ్ళి రమ్మన్నారు. ఈ దారిలో రావడం లేదు. మా దేశంలోనూ తల్లులు ఇలాగే అంటారు. మా అమ్మ కూడా అలాగే అన్నది. ఆ రెండో మాట వదిలిపెట్టే దాకా నేను కూడా ఆగాను." అమ్మ తల వంచుకుంది. వెళ్ళు అనే మాట ఆవిడ గొంతు దాటి రాలేదు. మళ్ళీ బస్సెక్కి ఊరికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అన్నయ్య ఎన్నిసార్లు ఊరికి వెళ్ళాడో. ప్రతిసారీ అడిగేవాడు, ప్రతిసారీ అమ్మ "ఎళ్ళిరా నాయనా" అనేది, వాడు తల ఊపి తిరిగి వచ్చేసేవాడు. విసుక్కోలేదు, మాట తూలలేదు. అరిచి గోల చేసి ఉంటే మాకు బాగుండేది. మొహంలో రక్తం లేకుండా అయిపోయాడు. ఇంటికీ పనికిరాక, అక్కడికీ చెందక, తెల్ల బట్టల్లో మధ్యలో నిలబడిపోయిన మనిషిని చూస్తే నాకు కూడా జాలేసింది.

నాకు సెలవులిస్తే ఊరికి వెళ్ళాను. ఒక రోజు పొద్దెక్కాక నేను బిందెతో నీళ్ళు తెస్తున్నాను. అమ్మ పెరట్లో, దడి వైపు వీపు పెట్టి కూర్చుని, కొర్రమేనులకు బూడిద పూసి రాతి మీద తోముతోంది. దడి అవతల ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. భిక్షువులు నోరు తెరిచి అడగకూడదట, ఊరికే నిలబడాలట. ఆ పద్ధతి అలవాటు చేసుకుంటున్నాడు కాబోలు, అన్నయ్య అమ్మా అని పిలవలేదు. నీడ పడిందో, ఆకు అలికిడైందో, అమ్మ తల తిప్పకుండానే, రోజూ వచ్చే ముష్టివాళ్ళతో అనే మాటే అంది.

"చెయ్యి కాళీ లేదు, ఎళ్ళు నాయనా."

అన్నయ్య అక్కడే మోకాళ్ళ మీద వంగి, నుదురు నేలకు ఆనించి అమ్మ వీపుకే మొక్కి, లేచి గట్టు వెంట నడిచాడు. నేను బిందె దించేసి పరుగెత్తాను. అమ్మ నిన్ను చూడలేదన్నయ్యా, ముష్టివాడనుకుంది అని మొత్తుకున్నాను. వాడు ఆగి, చాలా రోజుల తర్వాత నవ్వాడు. "భిక్షువంటే అదే కదా చెల్లాయ్ అర్థం. అమ్మ వెళ్ళమంది, నువ్వూ విన్నావు" అని వెళ్ళిపోయాడు.

నేను వచ్చి చెప్పేసరికి అమ్మ చేతిలోని చేప జారి బూడిదలో పడింది. అలాగే, ఆ చేతులతోనే, గట్టు మీద గుండుగొలను రోడ్డు దాకా పరుగెత్తింది. అప్పటికే బస్సు వెళ్ళిపోయింది. తిరిగొచ్చాక ఆ చేపలు ఎవరికో ఇచ్చేసి, ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

రెండు రోజులకు భంతే గారే మా ఊరు వచ్చారు. అన్నయ్య జరిగింది జరిగినట్టు, అమ్మ తల తిప్పలేదన్న సంగతి కూడా దాచకుండా చెప్పాడట. వాడిని గట్టు మీదే ఎండలో నిలబెట్టి ఆయనొక్కరే ఇంట్లోకి వచ్చారు. "అమ్మా, ఆ మాట మీరు మీ అబ్బాయితో అన్నారా, పరాయివాడనుకుని అన్నారా? పరాయివాడితో అన్నదైతే అది అనుమతి కాదు. అబ్బాయిని మీ దగ్గరే వదిలి వెళతాను" అన్నారు.

ఒక్క నిజం చెబితే చాలు, అన్నయ్య మాకు మిగిలేవాడు. అమ్మ గుమ్మంలోంచి గట్టు వైపు చూసింది. అక్కడ వాడు ఇటు చూడకుండా, కొల్లేటి వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. చాలాసేపు చూసి, అమ్మ ఇటు తిరిగింది. "నా బిడ్డ అడుగుల చప్పుడు నాకు తెలీదాండీ? తెలిసే అన్నాను" అంది. తలుపు పక్కనున్న నేను నోరు తెరవబోతే నా వైపు చూసిన చూపుకు నా నోరు పడిపోయింది. భంతే గారికి అది అబద్ధమని తెలిసిందనే ఇప్పటికీ అనుకుంటాను. భిక్షువులు గృహస్థులకు నమస్కరించరు. ఆయన చేతులు జోడించలేదు గాని, అమ్మ ముందు తల దించుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

ఎందుకలా చెప్పావని నేను ఏడుస్తూ దెబ్బలాడాను. "మళ్ళీ అనమంటే ఈ జన్మలో అనలేనే. ఆ వచ్చిన మాటైనా వాడికి దక్కనీ" అంది అమ్మ.

మేడ మీద అన్నయ్యకు కాషాయం ఇచ్చిన రోజు అమ్మ రాలేదు. నేను వెళ్ళాను. ఇక అన్నయ్య అనకూడదు, మొక్కాలి అంటే మొక్కాను. కొన్నాళ్ళకు మద్రాసు రైలెక్కి సింహళం వెళ్ళాడు. అక్కడ దీక్ష పూర్తయిందని భంతే గారు చెప్పారు. కొత్త పేరు పెట్టారన్నారు, అదేమిటో మాకు అడగాలని తోచలేదు. ఇంకొన్నాళ్ళకు ఆయనా తమ దేశం వెళ్ళిపోయారు, మేడ మీది గదుల్లోకి మళ్ళీ బస్తాలు ఎక్కాయి. తర్వాత మేం ఎంతమందిని అడిగినా, పాత పేరు గల మనిషి అక్కడెవరికీ తెలియలేదు.

నాకు తాడేపల్లిగూడెంలో ఉద్యోగం వచ్చాక అమ్మను తెచ్చుకున్నాను. పాత ఇంటికి తాళం చూసి వాడు వెనక్కి వెళ్ళిపోతాడని ఆవిడకు ఒకటే బెంగ, ఊరికి వెళ్ళి వెళ్ళి ఇరుగుపొరుగుకు చెప్పి వచ్చేది. దడి వైపు వీపు పెట్టి ఇక ఏ పనీ చేయలేదు. బిచ్చానికి ఎవరొచ్చినా చేతిలో పని వదిలేసి బయటికి వచ్చి, మొహం ఎత్తించి చూసి, అప్పుడు పెట్టేది. పొద్దెక్కి, నేను బడికి బయలుదేరే వేళకు గుమ్మంలో ఎవరూ లేకపోయినా, "ఉండండి, చెయ్యి కడుక్కొత్తన్నా" అని లేచేది. మొదట్లో నాకు భయం వేసేది. ఆ తర్వాత నాకూ కనిపించడం మొదలైంది. గేటు దగ్గర తెల్లగా ఎవరో నిలబడినట్టుండేది. దగ్గరికి వెళితే పక్కింటి దండెం మీద పంచె. అయినా మర్నాడు మళ్ళీ చూసేదాన్ని. అమ్మ పోయిన రోజు కూడా గుమ్మం వైపే చూస్తూ ఉంది. నేను పక్కకు తప్పుకుంటే, అడ్డు తొలగినందుకు ఊరటపడినట్టు కళ్ళు మూసుకుంది.

ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో గుమ్మం ముందు ఊరికే నిలబడేవాళ్ళు లేరు. కింద గేటు దగ్గర పేరు రాయించాలి, ఏ ఫ్లాటో చెప్పాలి, వాచ్‌మన్ ఫోను చేసి అడిగితే మనం ఊఁ అనాలి. మనిషిని చూడకుండా మాట తూలే ప్రమాదం మాకిప్పుడు లేదు, పిల్లలు ఇదే మంచిదంటారు, మంచిదే కాబోలు. అన్నయ్య బతికి ఉంటే తొంభై దాటి ఉంటాయి. వస్తే పేరు చెప్పడు, ఏమీ అడగడు, ఊరికే నిలబడతాడు. మా వాచ్‌మన్ ఆయనను ఏమని పంపేస్తాడో నాకు తెలుసు.