సెలక్షన్ అయ్యేదాకా మా ఉప్పు ముట్టని అక్క

నా చిన్నప్పుడు సౌదీలోని అల్ ఖోబర్‌లో శుక్రవారం అంటే పక్కింటి అక్క మా ఇంటికి భోజనానికి వచ్చే రోజు. చుట్టరికం ఏమీ లేదు. మాది తెనాలి వైపు, వాళ్లది ఏలూరు. ఊరుగాని ఊళ్లో ఆ మాత్రం దగ్గరతనం చాలు, మా అమ్మని పిన్నీ అనేసింది. అమ్మ ఆసుపత్రిలో నర్సు, అక్క మా ఇండియన్ స్కూల్లో ఆటల టీచరు. వచ్చిందంటే తిన్నగా వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలు తీసి చూడాల్సిందే. సెలవుకి ఇండియా వెళ్లొచ్చిన వాళ్లెవరైనా గోంగూర పచ్చడి తెస్తే, అందులో పెద్దవాటా అక్కదేనని మా నాన్న ముందే చేతులెత్తేసేవారు.

నాకు వాలీబాల్ పిచ్చి. ఆ ఏడాది స్కూలు జట్టు రియాద్ వెళ్లి ఆడుతుందన్నారు. నీలం బనీను వేసుకుని ఆ బస్సెక్కడం తప్ప నాకు లోకంలో మరో కోరిక లేదు. జట్టుని ఎంచేది అక్కే కదా, ఇక నా చోటుకి ఢోకా లేదని ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

సెలక్షన్ల నోటీసు పెట్టిన రోజు నుంచి అక్క మా గడప తొక్కడం మానేసింది. మెట్ల మీద ఎదురుపడితే ఓ నవ్వు నవ్వి దిగిపోయేది. శుక్రవారం కూడా రాలేదు. అమ్మ మొదట జ్వరమేమో అనుకుంది, తర్వాత మనసు కష్టపెట్టుకుంది. చివరికి ఉండబట్టలేక కోడికూర గిన్నె, అప్పుడే ఊరి నుంచి వచ్చిన గోంగూర సీసా పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్ల తలుపు కొట్టింది. సీసా చూడగానే అక్క గుటక మింగింది. అయినా చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది.

"ఇప్పుడొద్దు పిన్నీ. మీ ఉప్పు తిని అక్కడ నిలబడితే మీ పిల్ల కొట్టిన ప్రతి బంతీ నాకు బంగారంలాగే కనబడుద్ది. సెలక్షన్ అయిపోనీ, తింటాను."

అమ్మ మూతి ముడుచుకుని వెనక్కి వచ్చింది. నాకు మాత్రం ఇదంతా పైకి నటన అనిపించింది.

సెలక్షన్ రోజున అక్క నన్ను పేరు పెట్టి పిలవలేదు. అందరికీ అంటించినట్టే నా వీపునా ఓ నంబరు అంటించింది. ఆట బాగానే ఆడాను గానీ సర్వీసు దగ్గర తడబడ్డాను. ఒక బంతి వలకి తగిలింది, ఇంకొకటి గీత దాటిపోయింది. మరొక్కటి వేస్తానక్కా అని బతిమాలాను. "అందరికీ ఎన్నో నీకూ అన్నే" అని తరవాతి నంబరు పిలిచింది. ఆఖరి చోటు కొత్తగా చేరిన కేరళ అమ్మాయికి దక్కింది. ఆ పిల్ల ఎవరో అక్కకి అంతకుముందు తెలియనే తెలియదు. తను సర్వీసు వేస్తుంటే నాకే ముచ్చటేసింది. అందుకే ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడుకున్నాను. నన్నలా చూసేసరికి అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషి, రానీ చెప్తాను అంటూ వంటిల్లంతా మోగించింది. పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు పిలుపు వినిపించిన కాసేపటికి అక్క రానే వచ్చింది. అమ్మ నోరు తెరిచేలోపే కంచం తీసుకుని కింద కూర్చుంది.

"సెలక్షన్ ఖలాస్ పిన్నీ. ముందు అన్నం పెట్టు, తరవాత తిట్టు. గోంగూర ఉంచారా, అవగొట్టేశారా?"

అమ్మకి నవ్వు ఆగలేదు. వడ్డించింది. అక్క గోంగూర కలిపి మొదటి ముద్ద నా ముందుకు చాపింది. నేను మొహం తిప్పుకున్నాను. నేను నోరు తెరిచేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది. అప్పుడు చెప్పింది, సర్వీసు వేసేటప్పుడు నా మోచెయ్యి వంగిపోతోందని. ఆ సంగతి ఎప్పుడో కనిపెట్టిందట. మిగతా పిల్లలకి చెప్పనిది నాకొక్కదానికే చెప్పడం ధర్మం కాదని పెదవి బిగించుకుందట.

"జట్టులో లేని పిల్లకి నేర్పకూడదని ఏ రూల్లోనూ లేదుగా. రేపట్నించి మేడ మీదికి రా."

ఆ ఏడాదంతా మేడ మీద నీళ్ల ట్యాంకుల పక్కన నాకు సర్వీసు నేర్పింది. మరుసటి ఏడు నోటీసు పడగానే మళ్లీ మా ఇంటికి రావడం మానేసింది. ఈసారి అమ్మ ఏమీ అనుకోలేదు. నాకు చోటొచ్చింది. పక్కింటి పిల్ల కాబట్టి వచ్చిందని అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. ఆ ధీమాతో బస్సెక్కడం ఎంత బాగుంటుందో ఎక్కినవాళ్లకే తెలుసు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఇదే అల్ ఖోబర్‌లో అమ్మాయిల కాలేజీలో వాలీబాల్ కోచ్‌ని. ఎంపిక ముగిసేదాకా ఆడేపిల్లల ఇళ్లకి వెళ్లకూడదు, కానుకలు పుచ్చుకోకూడదు, చోటిస్తానని మాటివ్వకూడదు, ఎవరికీ విడిగా నేర్పకూడదు అని ఆఫీసువాళ్లు నిబంధనలు అచ్చువేసి ఇస్తారు. కుర్ర కోచ్‌లకి అదంతా చాదస్తం. మనుషుల్ని దూరం పెట్టడమేమిటని విసుక్కుంటారు. వాళ్లకి అక్క గురించి చెబుతాను. ఆ దూరంలో ఎంత ప్రేమ ఉందో నేను తిన్న ముద్దలో తెలిసింది మరి.

ఎంపిక ముగిశాక ఏం చేయాలో మాత్రం ఏ నిబంధనలోనూ ఉండదు. నెగ్గిన పిల్లల్ని మెచ్చుకోవడానికి ఊరంతా ఉంటుంది. పేరు రాని పిల్ల ఇంటికి ఆ సాయంత్రమే నేను వెళ్తాను. అన్నం తినకుండా, ఆకలి మీద వెళ్తాను.